మురకామి ఎంచుకున్న పూర్వీకులు

జపాన్ చిత్రకారుడు తకాషి మురకామి 2010లో గీసిన ఒక ఎర్ర డ్రాగన్ చిత్రానికి చాలా పొడవైన పేరుంది. ‘మబ్బుల్లో డ్రాగన్ – ఎర్ర రూపం’ అని మొదలయ్యే ఆ పేరు, ‘ఒక్కసారైనా నువ్వే స్వయంగా ఏదైనా గీయరాదా అని ప్రొఫెసర్ నొబువో త్సుజి అనడంతో ఉక్రోషం పట్టలేక నా చేతులతో నేనే గీసిన ప్రతి’ అంటూ ముగుస్తుంది. చిత్రం కూడా పేరుకు తగ్గట్టే సుమారు 18 మీటర్ల పొడవు. అప్పటికి మురకామి పదుల సంఖ్యలో సహాయకులతో పెద్ద వర్క్‌షాపు నడుపుతున్నారు. నవ్వే పూలు, గుండ్రటి కళ్ల బొమ్మలు, ఖరీదైన ఫ్రెంచ్ కంపెనీ లూయీ వుట్టాన్ సంచుల మీద రంగురంగుల అక్షరాలు. లోకం ఆయనను గుర్తుపట్టేది వీటితోనే. 1932లో పుట్టిన త్సుజి జపాన్ కళాచరిత్రలో తలపండిన పండితుడు. ఆయన అన్న మాట మురకామికి గుచ్చుకుంది. ఆ పౌరుషంలోంచి పుట్టిన ఎర్ర డ్రాగన్‌కు మూలం, సొగా షోహకు అనే చిత్రకారుడు 1763లో సిరాతో గీసిన మరో డ్రాగన్. ఆ అసలు చిత్రం ఉన్నది జపాన్‌లో కాదు, అమెరికాలోని బోస్టన్ లలితకళల మ్యూజియంలో.

చిత్రకారుడు, పండితుడు, మ్యూజియం ముగ్గురూ కలిసి చేసిన ప్రదర్శన 2017 అక్టోబర్ 18న ఆ మ్యూజియంలోనే మొదలై 2018 ఏప్రిల్ 1 దాకా సాగింది. దాని పేరు ‘తకాషి మురకామి: వింత చిత్రకారుల పరంపర’. మ్యూజియం జపాన్ కళా విభాగం క్యూరేటర్ అన్ నిషిమురా మోర్స్, త్సుజితో కలిసి దానిని రూపొందించారు. పాత చిత్రాలకు ఒక గది, కొత్త చిత్రాలకు ఒక గది అని విడదీయకుండా రెండింటినీ పక్కపక్కన నిలబెట్టారు. ఈ అమరిక ఒక వాదన చేస్తుంది. మురకామిది దుకాణపు కళ కాదు, వందల ఏళ్లుగా పారుతున్న ఒక ధారలో తాజా పాయ అని. వాదనలో బలముంది. అయితే ఆ చిత్రాల వెనుక చరిత్రను కాస్త తవ్వితే అంతకంటే ఆసక్తికరమైన సంగతి బయటపడుతుంది. ఈ పరంపర పైనుంచి కిందికి దిగివచ్చింది కాదు. కిందివాళ్లు పైకి వెతుక్కుంటూ వెళ్లి కట్టుకున్నది. ఇక్కడ మనవడే తాతలను ఎంచుకున్నాడు. ఆ ఎంపికలో ఏం దక్కింది, ఏం జారిపోయింది అన్నదే ఈ ప్రదర్శనను అడగవలసిన ప్రశ్న.

బోస్టన్‌కు చేరిన డ్రాగన్

1868లో షోగన్‌లనే సైనిక పాలకుల ఏలుబడి పోయి మేజీ చక్రవర్తి పాలన వచ్చాక జపాన్ ఒక్కసారిగా పడమటి వైపు తిరిగింది. బౌద్ధ ఆలయాలు ఆదరణ పోగొట్టుకున్నాయి. సామురాయ్ కుటుంబాలు ఇంట్లో ఉన్నవన్నీ అమ్ముకునే స్థితికి వచ్చాయి. సరిగ్గా ఆ సమయంలో, 1878లో, టోక్యో విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పడానికి ఎర్నెస్ట్ ఫెనెలోసా అనే అమెరికన్ యువకుడు వచ్చాడు. నాలుగేళ్ల తర్వాత బోస్టన్ సంపన్న కుటుంబానికి చెందిన వైద్యుడు విలియం స్టర్జిస్ బిగెలో వచ్చాడు. ఇద్దరూ జపాన్ కళ మీద పిచ్చి ప్రేమ పెంచుకున్నారు, విరివిగా కొన్నారు. ఆ సేకరణలు 1911 నాటికి బోస్టన్ మ్యూజియం సొత్తయ్యాయి. జపాన్ బయట జపాన్ కళకు ఇంత పెద్ద నిలయం మరొకటి లేదనే పేరు ఆ మ్యూజియానికి వచ్చింది అలాగే.

బిగెలో కొన్నవాటిలో షోహకు చిత్రాలు చెప్పుకోదగినన్ని ఉన్నాయి. అప్పటి జపాన్‌లో షోహకును పట్టించుకున్నవారు అరుదు. డ్రాగన్ చిత్రం మొదట ఒక భవనంలో జారుడు తలుపుల మీద ఉండేది. బోస్టన్ చేరేసరికి తలుపుల చట్రాల నుంచి ఊడదీసిన కాగితాలుగా మిగిలింది. దశాబ్దాల తరబడి నిల్వగదిలో ఉండిపోయి, మరమ్మతు జరిగాక, 2012లో టోక్యో జాతీయ మ్యూజియంలో పెట్టిన బోస్టన్ సేకరణ ప్రదర్శనకు వెళ్లింది. జపాన్ ప్రజలు దానిని కళ్లారా చూసింది అప్పుడే. మురకామి ఎర్ర డ్రాగన్ అంతకు రెండేళ్ల ముందే పూర్తయింది.

ఇంకో ముడి కూడా ఉంది. పాత పద్ధతుల చిత్రకళను పడమటి చిత్రకళ ముంచేయకుండా కాపాడాలని ఫెనెలోసా, అతని శిష్యుడు ఒకకురా కకుజో పట్టుబట్టారు. వారి కృషితో 1887లో టోక్యో లలితకళల పాఠశాల ఏర్పడింది. ఖనిజ రంగులు, జంతువుల తోలు ఉడికించి తీసిన జిగురు, పట్టు, చేతితో చేసిన కాగితం, బంగారు రేకు వాడే ‘నిహోంగా’ చిత్రకళ అక్కడ ఒక పాఠ్యాంశంగా స్థిరపడింది. ఆ పాఠశాల వారసురాలే నేటి టోక్యో కళల విశ్వవిద్యాలయం. మురకామి 1993లో డాక్టరేట్ పొందింది అక్కడే, నిహోంగాలోనే. ఒకకురా 1904లో బోస్టన్ మ్యూజియంలో చేరి, తర్వాత చైనా, జపాన్ విభాగానికి అధిపతి అయ్యాడు. అంటే మురకామి చదివిన చదువును మలిచిందీ, ఆయన చిత్రాల పక్కన నిలబడిన పాత చిత్రాలను పోగుచేసిందీ ఒకే కొద్దిమంది. ప్రదర్శనలో ఎదురెదురుగా నిలిచినవి ‘పాత జపాన్’, ‘కొత్త జపాన్’ అనుకుంటాం కానీ, రెండూ ఆ మేజీ కాలపు మలుపులోంచి వచ్చినవే.

ఒకకురా 1901–02లో కలకత్తాకు వచ్చి వివేకానందను, ఠాగూర్ కుటుంబాన్ని కలిసిన సంగతి చాలామందికి తెలుసు. ఆయన తర్వాత అదే బోస్టన్ మ్యూజియానికి 1917లో ఆనంద కుమారస్వామి భారతీయ కళా విభాగం చూసుకోవడానికి వచ్చారు. నందికేశ్వరుని ‘అభినయ దర్పణం’ ఆంగ్లానువాదం వెలువడిందీ ఆ ఏడాదే. అందులో కుమారస్వామితో పాటు అనువాదకుడు మన చీరాల–పేరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఆసియా కళను ప్రపంచానికి వివరించే పని బోస్టన్ చుట్టూ ఎంత సాగిందో తెలుగు పాఠకులు గుర్తుచేసుకోవడానికి ఈ ఒక్క పేరు చాలు.

ఆరుగురిని వెతికి తీసిన పుస్తకం

ప్రదర్శన పేరు మురకామి పెట్టుకున్నది కాదు. త్సుజి 1968లో ఒక కళాపత్రికలో ధారావాహికగా రాసి, 1970లో పుస్తకంగా తెచ్చిన రచన పేరు అది. ఇవాసా మతబే, కనో సన్సెత్సు, ఇతో జకుచు, సొగా షోహకు, నగసవా రోసెత్సు, ఉతగవా కునియోషి అనే ఆరుగురు చిత్రకారుల మీద రాసిన పుస్తకం. అందరూ షోగన్‌లు పాలించిన ‘ఎదో’ కాలానికి చెందినవారు. అప్పటిదాకా జపాన్ చిత్రకళ అంటే పొదుపు, ప్రశాంతత, తేనీటి గదిలోని నిశ్శబ్దం. ఈ ఆరుగురి దగ్గర అవేవీ లేవు. మతబే చిత్రాల్లో నెత్తురు చిమ్ముతుంది. సన్సెత్సు గీసిన ముసలి ప్లమ్ చెట్టు కొమ్మ నాలుగు తలుపుల మేర మెలికలు తిరుగుతూ, పైకి లేచి, కిందికి విరుచుకుపడుతుంది. జకుచు కోళ్లలో ప్రతి ఈకా విడిగా లెక్కపెట్టవచ్చు. కునియోషి చిన్నచిన్న మనుషుల ఒళ్లతో ఒక పెద్ద ముఖం కడతాడు. వీళ్లు మూల పడిన పిచ్చివాళ్లు కారు, ప్రధాన స్రవంతిలో ముందు నడిచినవాళ్లు అన్నది త్సుజి వాదన. విద్యార్థుల ఆందోళనలతో, మాంగా అనే బొమ్మల కథల పత్రికలతో హోరెత్తుతున్న జపాన్‌లో ఆ మాట చెప్పడం యాదృచ్ఛికం కాదు. తన కాలపు కళ్లతోనే ఆయన గతాన్ని చూశారు.

ఆ పుస్తకం ఫలితం ఇప్పుడు కళ్లెదుటే ఉంది. 2016లో టోక్యోలో జకుచు ప్రదర్శనను ఒక్క నెలలో 4 లక్షల మందికి పైగా చూశారు. కొన్ని రోజులు ఐదు గంటలు వరసలో నిలబడవలసి వచ్చింది. ఒకప్పుడు మరుగున పడిన చిత్రకారుడికి అంత జనాదరణ రావడానికి బీజం వేసినవాడు త్సుజి.

మురకామికి ఆ పుస్తకం మరో రకంగా పనికొచ్చింది. ఆయన యవ్వనంలో యానిమేటర్ కావాలనుకున్నారు. యోషినోరి కనదా అనే యానిమేటర్ గీసిన పేలుళ్లు, క్షిపణుల పొగ దారులు, మెలికలు తిరిగే మంటలు ఆయనను కట్టిపడేశాయి. సన్సెత్సు ప్లమ్ కొమ్మ మీద చూపు ఎలా పరుగెత్తి, ఆగి, మలుపు తిరుగుతుందో, కనదా మంటల మీదా అలాగే తిరుగుతుందని ఆయనకు తోచింది. లోతు భ్రమ లేదు. దృశ్యం ఒక బిందువు వైపు కుదించుకుపోదు. ఉన్నదంతా ఉపరితలమే, ఆ ఉపరితలం మీద చూపు వేగాన్ని చిత్రకారుడు అదుపు చేస్తాడు. 2000లో ‘సూపర్‌ఫ్లాట్’ పేరుతో మురకామి ఒక ప్రదర్శన నిర్వహించి, దాని వెంట ఒక సిద్ధాంతం ప్రకటించినప్పుడు త్సుజి పుస్తకాన్నే ఆసరా చేసుకున్నారు. అందులో గొప్ప కళ, చిన్న కళ అనే అంతస్తుల తేడాను కూడా చదును చేశారు. దేవాలయపు తలుపు, టీవీ కార్టూను, దుకాణంలో ప్లాస్టిక్ బొమ్మ ఒకే తలం మీదికి వచ్చాయి.

2009 నుంచి ఇద్దరూ ఒక పత్రికలో పోటీకి దిగారు. త్సుజి ఒక పాత చిత్రకారుడి గురించి రాస్తే, దానికి మురకామి ఒక కొత్త చిత్రంతో బదులివ్వాలి. పొడవైన పేరున్న ఎర్ర డ్రాగన్ ఆ వాగ్వాదంలో పుట్టిందే.

షోహకు జీవితంలో ఈ సందర్భానికి చాలా తగిన ముచ్చట ఉంది. క్యోటో వ్యాపార కుటుంబంలో పుట్టి, చిన్ననాడే తల్లిదండ్రులను పోగొట్టుకున్నాడు. అప్పటికి మూడు వందల ఏళ్ల కిందటి సొగా జసోకు అనే చిత్రకారుడికి తాను పదో తరం వారసుడినని సంతకం చేసేవాడు. ఇంకో చోట చైనా మింగ్ వంశ స్థాపకుడి సంతతినని కూడా రాసుకున్నాడు. రెండిటికీ ఆధారం లేదు. తనకు కావలసిన వంశాన్ని తానే రాసుకున్న మనిషిని రెండు వందల యాభై ఏళ్ల తర్వాత మరో చిత్రకారుడు తన వంశంలోకి చేర్చుకున్నాడు. పరంపర అంటే రక్తసంబంధం కాదని, ఇష్టంతో వేసుకున్న ముడి అని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

పక్కపక్కన నిలబెడితే

సూపర్‌ఫ్లాట్, యానిమేషన్, అలంకారం, ఆట, ధార్మికత అనే ఐదు అంశాల చుట్టూ ప్రదర్శనను అల్లారు. ఈ ఐదూ సమానంగా పండలేదు. ‘ఆట’ అన్న శీర్షిక కింద దాదాపు ఏదైనా ఇమిడిపోతుంది, అందుకే అది తక్కువ చెబుతుంది. అసలు బరువంతా మొదటి అంశం మీదా, చివరి అంశం మీదా పడింది.

రెండు డ్రాగన్‌లను దగ్గరగా చూడాలి. షోహకు డ్రాగన్ పది మీటర్లకు పైగా పొడవున్న ఎనిమిది పలకల మీద ఉంది. ఒక వైపు తల, గోళ్లు, మరో వైపు తోక, మిగతా ఒళ్లంతా సిరా మబ్బుల్లో కలిసిపోయింది. తల ఎంత పెద్దదంటే, చట్రంలో ఇరుక్కుని బయటికి రావడానికి గింజుకుంటున్నట్టు ఉంటుంది. కళ్లు భయపెట్టాలి, కానీ అవి కాస్త తెల్లబోయిన కళ్లు. మీసాలు ఒక్క ఊపిరిలో లాగిన గీతలు. సిరా కాగితంలోకి ఇంకిపోతుంది కాబట్టి దిద్దుబాటుకు తావు లేదు. తడి ఎక్కడ ఎక్కువైంది, కుంచె ఎక్కడ ఎండింది, చెయ్యి ఎక్కడ తొందరపడింది అన్నీ కనిపిస్తాయి. ముప్పై ఏళ్లు దాటిన మనిషి, తలుపులు నేల మీద పరిచి, వాటి మీద వంగి చేసిన శ్రమ అంతా అందులో ఉంది.

మురకామి ఎర్ర డ్రాగన్ అక్రిలిక్ రంగుతో వేసింది. ఎర్రటి సుడులు, కారిన ధారలు, చిమ్మిన చుక్కలు. మూల చిత్రంలోని తెల్లబోయిన కళ్లను పట్టుకుని ఆయన ఇంకా గుండ్రంగా, ఇంకా కార్టూను కళ్లలా చేశారు. షోహకులో సగం దాగిన హాస్యం ఇక్కడ పూర్తిగా బయటికి వచ్చింది. వేగంలో మాత్రం పాత డ్రాగనే గెలుస్తుంది. అక్రిలిక్ కాన్వాసు పైన నిలుస్తుంది, సిరా లోపలికి దిగుతుంది, ఆ తేడాను కొలతలు పెంచి పూడ్చలేం. ఈ మాట మురకామికి చిన్నతనం కాదు. ఓడిపోయే అవకాశం ఉన్నచోట తన చిత్రాన్ని నిలబెట్టడమే ఆ ప్రదర్శనలో ఆయన చూపిన ధైర్యం.

ప్రదర్శన కోసం 2017లో ఆయన మరో షోహకు చిత్రాన్ని ఎత్తుకున్నారు. బిగెలో సేకరణలోని ఆ ఆరు మడతల తెర మీద నీలి దుస్తుల సిద్ధుడు ఒకడు కత్తి దూసి సుడిగాలి మీదికి దూకుతుంటాడు. నల్లటి సుడి చుట్టలు చుట్టుకుని అతని ఎదుట నిలుస్తుంది. గాలికి ఇద్దరు మనుషులు తలకిందులవుతారు. ఓ మూలన ఒక తెల్ల కుందేలు, ఒక నల్ల కుందేలు. ఆ సుడి గాలిలా లేదు, గట్టిగా కోసి అతికించిన ఆకారంలా ఉంది. కనిపించని గాలికి అంచులు గీసి బొమ్మగా మార్చడం, నేటి కార్టూన్లలో వేగాన్ని గీతలుగా చూపించే పద్ధతికి ఎంత దగ్గరో ఇక్కడ వివరణ పలక చదవకుండానే తెలిసిపోతుంది. మురకామి దానిని సుమారు 10 మీటర్ల చిత్రంగా పెంచారు. ఎర్ర డ్రాగన్‌లో లేని సఖ్యత ఇందులో ఉంది. పోటీ పడకుండా సంభాషించడం వల్ల కావచ్చు.

యానిమేషన్ అనే అంశానికి ఆ మ్యూజియం సొంత సేకరణలోనే బలమైన సాక్ష్యాలున్నాయి. 1159లో క్యోటోలో జరిగిన తిరుగుబాటును 13వ శతాబ్దంలో గీసిన చుట్టచిత్రం వాటిలో ఒకటి. సుమారు ఏడు మీటర్ల ఆ చిత్రాన్ని కుడి నుంచి ఎడమకు కొద్దికొద్దిగా విప్పుతూ చూస్తారు. ఎద్దుబండ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కేంత తొక్కిసలాట, తర్వాత రాజభవనాన్ని మింగుతున్న మంటలు, నరమేధం, ఆ తర్వాత మెల్లగా పలచబడే ఊరేగింపు. సంపాదకుడెవరూ లేకుండానే కట్‌లు, క్లోజప్‌లు అన్నీ ఉన్నాయి. అయినా ఒక జాగ్రత్త అవసరం. చుట్టచిత్రాల నుంచి యానిమేషన్‌కు తిన్నగా గీత గీస్తే, మధ్యలో అమెరికన్ కార్టూను చిత్రాల నుంచి జపాన్ స్టూడియోలు నేర్చుకున్నదంతా మాయమవుతుంది. పోలిక ఉన్నంత మాత్రాన వంశం కాదు.

పాత చిత్రాల నుంచి మురకామి అరువు తెచ్చుకున్నది స్పష్టంగా కనిపించే చోటు 1996 నాటి ‘727’. న్యూయార్కు ఆధునిక కళల మ్యూజియంలో ఉన్న ఆ మూడు పలకల చిత్రంలో ఆయన సృష్టించిన మిస్టర్ డాబ్ అనే పాత్ర, కోరలు బయటపెట్టి, ఒక మేఘం లాంటి అల మీద స్వారీ చేస్తుంటుంది. ఆ మేఘం 12వ శతాబ్దపు షిగిసన్ చుట్టచిత్రంలో కత్తుల కవచం తొడుక్కుని ఆకాశంలో దూసుకొచ్చే ధర్మరక్షక బాలుడిది. పేరు మాత్రం బులెట్ రైలు కిటికీలోంచి పొలాల మధ్య కనిపించే ఒక సౌందర్య సామగ్రి కంపెనీ బోర్డుల మీది అంకె. నేపథ్యాన్ని పొర మీద పొరగా రంగులు వేసి, గరుకు కాగితంతో రుద్ది, అడుగు రంగులు అక్కడక్కడ తేలేట్టు చేశారు. పాత తెరల మీద బంగారు రేకు అరిగిపోయినప్పుడు కనిపించే మాసిన కాంతి అది. నిహోంగా చదువు వృథా పోలేదని ఆ ఒక్క నేపథ్యం చెబుతుంది.

ఎవరి చేతి పని

‘నువ్వే స్వయంగా గీయరాదా’ అన్న త్సుజి మాటలో ఒక పాత ఫిర్యాదు ఉంది. చిత్రాలను మురకామి గీయరు, ఆయన మనుషులు గీస్తారని. 1996లో హిరోపాన్ ఫ్యాక్టరీగా మొదలై, 2001లో కైకై కికి అనే కంపెనీగా మారిన ఆయన సంస్థలో పని ఇలా సాగుతుంది. చేతితో వేసిన చిత్తు బొమ్మను స్కాన్ చేసి కంప్యూటర్‌లో గీతలు శుభ్రం చేస్తారు. రంగులు నిర్ణయిస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో సిల్క్ స్క్రీన్ తయారు చేసి, పొరలు పొరలుగా కాన్వాసు మీద అచ్చు వేస్తారు. మధ్యమధ్యలో రుద్దుతారు, నునుపు చేస్తారు. ఒక సంక్లిష్టమైన చిత్రానికి వందల స్క్రీన్‌లు పట్టవచ్చు. చివరికి కుంచె ఆనవాలు ఎక్కడా మిగలదు. కాన్వాసు వెనక పనిచేసినవారి పేర్లు రాస్తారు.

దీనిని అమెరికన్ పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ ‘ఫ్యాక్టరీ’ అనే వర్క్‌షాపుకు జపాన్ నకలు అని చాలామంది అన్నారు. బోస్టన్ గ్యాలరీ ఆ మాటను సవరించడానికి అవకాశమిస్తుంది. 16వ శతాబ్దపు కనో ఎయితోకు నుంచి మేజీ దాకా కోటలకు, ఆలయాలకు తలుపులు గీసిన కనో వంశం పెద్ద వర్క్‌షాపు. గురువు గీత వేస్తే శిష్యులు నింపేవారు. ఉకియో–ఎ అచ్చు బొమ్మల్లోనూ గీసేవాడు ఒకడు, చెక్కేవాడు ఒకడు, అచ్చు వేసేవాడు ఒకడు, పెట్టుబడి పెట్టేవాడు మరొకడు. కంపెనీ పేరు కూడా ఎయితోకు చిత్రాలను మెచ్చుకోవడానికి వాడిన పాత పదబంధం నుంచి తీసుకున్నదే. ఒంటరి మేధావి ఒంటి చేత్తో గీసినదే కళ అన్న కొలబద్ద ఈ చరిత్రకు సరిపోదు. అయితే త్సుజి ఫిర్యాదు చేసింది ఈ చరిత్ర తెలియక కాదు. ఆయన మెచ్చిన ఆరుగురి గొప్పదనంలో చేతి వాటం, తెగింపు ప్రధానం. వర్క్‌షాపు కనోలది, ఉద్రేకం షోహకుది. మురకామి రెండింటికీ వారసుడినంటే ఎలా అని ఆయన అడిగారు. ఆ ప్రశ్నకు ఎర్ర డ్రాగన్ సగం జవాబు మాత్రమే.

‘అలంకారం’ విభాగపు గుర్తుగా నిలిచిన నవ్వే పూలకు మూలం మరింత సాదాసీదా. విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలకు విద్యార్థులను తయారుచేసే కోచింగు పాఠశాలలో మురకామి తొమ్మిదేళ్లు పూలు గీయడం నేర్పారు. ప్రకృతిని నాజూకైన నమూనాగా మార్చే రింపా చిత్రకారుల సంప్రదాయం అందులో ఉంది. జీతం కోసం మళ్లీ మళ్లీ అదే పువ్వు గీయించిన అధ్యాపకుడి విసుగు కూడా ఉంది. గోడ మీది వివరణలు మొదటి దాని గురించే మాట్లాడతాయి.

వంశవృక్షంలో లేని కొమ్మలు

ఐదు శీర్షికల్లో యుద్ధం లేదు. ఇది చిన్న లోపం కాదు. 2005లో మురకామి న్యూయార్కులోని జపాన్ సొసైటీలో నిర్వహించిన ప్రదర్శనకు హిరోషిమా మీద వేసిన బాంబు పేరే పెట్టారు: ‘లిటిల్ బాయ్’. ఓటమి తర్వాత, అమెరికా సైన్యం నీడలో, జపాన్ ఎదగని పిల్లవాడిలా ఉండిపోయిందని, ముద్దు బొమ్మలూ రాక్షసులూ ఆ గాయంలోంచే పుట్టాయని ఆయన వాదించారు. ఆయన తల్లిది కొకురా. 1945 ఆగస్టు 9న రెండో అణుబాంబు పడవలసిన నగరం అది. ఆకాశం స్పష్టంగా లేకపోవడంతో విమానం నాగసాకి వైపు మళ్లింది. లేకుంటే నువ్వు పుట్టేవాడివి కావని తల్లి చెప్పేదని మురకామి చాలాసార్లు చెప్పుకున్నారు. ఈ నేపథ్యం తెలియకుండా ఆయన నవ్వే పూలను చూస్తే, ఆ నవ్వు అంత గట్టిగా ఎందుకుందో అర్థం కాదు. షోహకు నుంచి మురకామికి ఒక్క అడుగులో దాటించే వంశవృక్షం, మధ్యలో ఉన్న ఈ చరిత్రను మెత్తగా పక్కన పెడుతుంది. అమెరికన్ మ్యూజియంలో ఆ దాటవేత మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఒతాకుల సంగతీ అంతే. మాంగా, యానిమేషన్, ప్లాస్టిక్ బొమ్మల లోకంలో మునిగి బతికే ఆ అభిమానుల సంస్కృతి నుంచే మురకామి 1990లలో శిల్పాలు చేశారు. ఒక బొమ్మల కంపెనీ నైపుణ్యం సాయంతో రూపొందించి 1998లో పూర్తిచేసిన ఒక శిల్పం, 2008 మే నెలలో న్యూయార్కు వేలంలో 1.5 కోట్ల డాలర్లకు పైగా పలికింది. తమ ఇష్టాలను అరువు తీసుకుని గొప్పింటి గోడలకు అమ్ముకున్నాడన్న కోపం ఒతాకులలో ఇప్పటికీ ఉంది. ఆ కోపంలో న్యాయముంది. ‘ఎదో’ కాలపు చిత్రకారులను పూర్వీకులుగా ఎంచుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. వాళ్లు అభ్యంతరం చెప్పలేరు. బతికున్న బంధువులతో ఆ సౌకర్యం ఉండదు.

అర్హతులు

ఇన్ని లోపాలున్నా ఈ పరంపర ఉత్త అలంకారం కాదని తేల్చేది ధార్మికత అన్న అంశం. 2011 మార్చి 11న తూర్పు జపాన్‌ను భూకంపం, సునామీ ముంచెత్తాయి. ఆ తర్వాత మురకామి ‘500 మంది అర్హతులు’ అనే చిత్రం మొదలుపెట్టారు. మూడు మీటర్ల ఎత్తు, నూరు మీటర్ల పొడవు. కళాశాలల నుంచి వచ్చిన వందలమంది విద్యార్థులు వంతులవారీగా పనిచేశారు. విపత్తు వేళ ముందుగా సాయం అందించిన దేశాల్లో ఒకటైన కతర్‌కు కృతజ్ఞతగా 2012లో దోహాలో మొదట చూపించారు, 2015లో టోక్యో మోరి మ్యూజియానికి తెచ్చారు.

బుద్ధుడి బోధను నిలబెట్టడానికి లోకంలోనే ఉండిపోయిన శిష్యులు అర్హతులు. వారిని 19వ శతాబ్దంలో కనో కజునోబు అనే చిత్రకారుడు టోక్యోలోని జోజోజి ఆలయం కోసం నూరు చుట్టచిత్రాలుగా గీశాడు. 1850లలో వరసగా వచ్చిన భూకంపాల కాలమది. ఆయన పని పూర్తికాకుండానే 1863లో చనిపోతే భార్య, శిష్యులు ముగించారు. మరుగున పడిన ఆ నూరు చిత్రాలనూ 2011లోనే, సునామీ జరిగిన వారాల్లోనే, టోక్యోలో ప్రదర్శించారు. మురకామికి కజునోబు ఒక శైలిగా కాక, విపత్తులో చిత్రకారుడు ఏం చేయగలడన్నదానికి ఉదాహరణగా దొరికాడు. ఆయన అర్హతులు ముడతలు పడ్డ ముఖాలతో, పొడుచుకొచ్చిన పళ్లతో, రంగురంగుల వస్త్రాలతో వింతగానే ఉంటారు. వాళ్లలో వెటకారం లేదు. తొలి పూలలో ఉన్న మెరుపు తెర ఇక్కడ తొలగిపోయింది.

ఇక్కడా దారి మళ్లీ బోస్టన్‌కే వెళ్తుంది. చైనాలో 12వ శతాబ్దంలో గీసి, జపాన్ దాయితోకుజి ఆలయానికి చేరిన నూరు అర్హత చిత్రాల్లో 44 చిత్రాలను ఫెనెలోసా 1890లలో బోస్టన్‌లో ప్రదర్శించాడు. డబ్బు అవసరంలో ఉన్న ఆలయం కొన్నింటిని వదులుకుంది. పది ఇప్పటికీ ఆ మ్యూజియంలోనే ఉన్నాయి. మేజీ కాలపు పేదరికం అమ్ముకున్నవాటి ముందు నిలబడి 21వ శతాబ్దపు జపాన్ చిత్రకారుడు తన మూలాలను గుర్తుపట్టడంలోని నొప్పిని ప్రదర్శన ఎక్కడా పైకి చెప్పదు. చెప్పి ఉండాల్సింది.

బోస్టన్ తర్వాత మురకామి ఈ దారిలోనే ఇంకా ముందుకు వెళ్లారు. 2024 ఫిబ్రవరి నుంచి సెప్టెంబర్ దాకా క్యోటో నగర క్యోసెరా కళా మ్యూజియంలో ఆయన పెద్ద ప్రదర్శన జరిగింది. త్సుజి ఆరుగురిలో మొదటివాడైన మతబే గీసిన క్యోటో నగర దృశ్యాన్ని సుమారు 13 మీటర్ల చిత్రంగా తిరిగి గీశారు. టోక్యో జాతీయ మ్యూజియంలో జాతీయ సంపదగా ఉన్న మతబే తెర మీద వీధి వ్యాపారులు, నర్తకులు, కొట్లాటలు, పూజలు, రెండు వేలకు పైగా మనుషులు. కృత్రిమ మేధ సాయంతో మూల చిత్రాన్ని విశ్లేషించుకుంటూ మళ్లీ వేసిన ఆ నగరంలో మురకామి తన సొంత పాత్రలను కూడా వదిలారు. ఖర్చుల కోసం, నచ్చిన ఊరికి విరాళమిస్తే పన్ను తగ్గే జపాన్ ‘సొంతూరి పన్ను’ పథకాన్ని వాడుకుని, విరాళమిచ్చినవారికి తన పూల బొమ్మల ట్రేడింగ్ కార్డులు ఇచ్చారు. మతబే తెరను మొదట ఎవరో డబ్బిచ్చి గీయించుకున్నారు, బహుశా ఊరి వైభవాన్ని ఇంట్లో పెట్టుకోవాలని. ఇప్పటి తెరకు డబ్బిచ్చినది జేబులో పట్టే కార్డు కోసం ఆశపడిన వేలమంది. షోహకు డ్రాగన్‌తో పోటీలో వేగం దగ్గర ఓడిన చిత్రకారుడు ఈ జనసమ్మర్దం దగ్గర మాత్రం మతబేతో సరితూగుతాడు.